చీకటి దారిలో కుక్క, చేతిలో టార్చిలైటు



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో గ్రామ పశుసంవర్ధక సహాయకుడిగా కొత్తగా చేరిన యువకుడు, ఏ ఊళ్లోనో గేదె ఈనలేక అవస్థ పడుతోందని రాత్రిపూట ఫోను వస్తే, మోటారుసైకిలు రోడ్డు మీద ఆపి చేలగట్ల వెంట నడిచి వెళ్లక తప్పదు కనుక, కుక్కలు మీదికి వస్తే కళ్లలోకి కొట్టడానికని పెద్ద వెలుతురు టార్చిలైటు కొనడంలో తప్పేమీ లేదు. అయితే ఆ వెలుతురు కుక్క మీద ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, దానిని అసలు దేనికి వాడాలి అనేవి దుకాణంలో చెప్పే సంగతులు కావు.

కుక్క కంట్లో నేత్రపటలానికి, అంటే కాంతిని పట్టే పొరకు, వెనుక అద్దంలా పనిచేసే మరో పొర ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని టపీటం లూసిడమ్ అంటారు. నేత్రపటలంలోని కణాలకు చిక్కకుండా దాటిపోయిన కాంతిని ఈ పొర తిప్పికొట్టి వాటికి రెండోసారి అందిస్తుంది కాబట్టే, మనిషి తడుముకునే మసక చీకటిలో కుక్క తడబడకుండా నడుస్తుంది. టార్చి వేసినప్పుడు దాని కళ్లు పచ్చగానో పసుపుగానో మెరిసేదీ ఈ పొర వల్లనే. పైగా, తక్కువ వెలుతురులో చూపునిచ్చే దండాలు అనే కణాలు దాని కంట్లో మెండుగా ఉంటాయి. ఈ దండాల్లో రొడాప్సిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. తీవ్రమైన కాంతి ఒక్కసారిగా పడితే అది విడిపోయి, మళ్లీ సమకూరడానికి నిమిషాలు పడుతుంది. చీకటికి అలవాటుపడిన కుక్క ముఖాన వెలుతురు కొడితే అది తల తిప్పుకోవడానికీ, ఒక అడుగు వెనక్కి వేయడానికీ కారణం ఇదే.

తల తిప్పుకోవడం వేరు, తోక ముడవడం వేరు. కుక్క చూపు కంటే వాసన మీద, చెవి మీద ఎక్కువగా ఆధారపడే జంతువు. కళ్లు చెదిరినా ఎదుటి మనిషి ఎక్కడున్నదీ దానికి తెలుస్తూనే ఉంటుంది. భయంతో మొరిగే కుక్క వెలుతురుకు తగ్గితే తగ్గవచ్చు గాని, పిల్లలను పెట్టిన తల్లికుక్క, కాపలా కాసే కుక్క, అప్పటికే తరుముకొస్తున్న గుంపు తగ్గుతాయన్న భరోసా లేదు. రేబీస్ సోకిన కుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. టార్చిలో మినుకుమినుకుమనే మీట ఉంటే దానిని గొప్పగా చెబుతారు కాని, ఆ మినుకుకు ఒక కుక్క బెదిరితే మరొకటి రెచ్చిపోవచ్చు, పైగా ఆ తళుకుల మధ్య కుక్క ఎటు కదులుతోందో వేసినవాడికే సరిగా కనిపించదు. ఎంత ఖరీదైన టార్చి అయినా కొనిచ్చేది రెండు మూడు క్షణాల వ్యవధి మాత్రమే. ఆ క్షణాల్లో ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

టార్చి అసలు ప్రయోజనం కుక్కను ముందుగా చూడటంలో ఉంది. నడిచేటప్పుడు వెలుతురు పాదాల ముందు నేల మీద పడాలి. మెట్ట చేలల్లో కుక్క కంటే ముందు జాగ్రత్తపడవలసింది రక్తపింజర, కట్లపాముల విషయంలో కదా. నాలుగడుగులకొకసారి వెలుతురును దూరంగా ఒక చుట్టు తిప్పితే, మెరిసే కళ్ల జతలను బట్టి కుక్కలు ఎన్ని ఉన్నాయో, దారికి ఏ పక్కన ఉన్నాయో యాభై అడుగుల ముందే తెలుస్తుంది. పంది కంట్లో ఈ అద్దపు పొర ఉండదు కాబట్టి కొండవార చేలల్లో తిరిగే అడవిపంది కళ్లు ఇలా మెరవవు. మెరుపు కనిపించలేదు గనుక ఎదుట ఏమీ లేదనుకోవడం పొరపాటు.

కనిపించిన కుక్క మనసులో ఏముందో దాని ఒళ్లే చెబుతుంది. ముందుకూ వెనక్కూ ఉరుకుతూ గోలగోలగా మొరిగేది చాలావరకు తన హద్దు చాటుకుంటున్నదే. ఒళ్లు బిగబట్టి, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని, తోక నిటారుగా నిలిపి, చప్పుడు లేకుండా తేరిపార చూసేదే ఎక్కువ ప్రమాదకరం. మొరిగే కుక్క కరవదనే సామెతను మాత్రం చీకట్లో నమ్ముకోకూడదు. మొరిగి మొరిగి కరిచినవి ఏ ఊళ్లోనైనా ఉంటాయి. దూరంగా ఉన్న కుక్క ముఖం మీద వెలుతురును అదేపనిగా నిలపడం దాని కళ్లలోకి గుడ్లురిమి చూడటంతో సమానం కాబట్టి, ఉనికి తెలుసుకోగానే వెలుతురును నేలకు దించి, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ, దానికి చోటు వదిలి చుట్టు తిరిగి వెళ్లడం మేలు.

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా తెలుసుకోవలసినది మంద కుక్క సంగతి. దేశంలోని గొర్రె జాతుల్లోకెల్లా ఎత్తైనదిగా పేరున్న నెల్లూరు గొర్రె, జోడిపి అయినా పల్లా అయినా, కోతలయ్యాక మెట్ట చేలల్లో మందలు మందలుగా కనిపిస్తుంది. ఎరువు కోసం రైతు తన చేలో రాత్రిపూట మంద కట్టించుకుంటాడు, కాపరి జీవాలను ఒకచోట చేర్చి పక్కనే కంబళి పరుచుకుని పడుకుంటాడు, కుక్కలు మందకు వెలుపల నాలుగు దిక్కులా పడుకుంటాయి. ఆ కుక్కకు చీకట్లో వచ్చే ప్రతిదీ నక్కో, తోడేలో, దొంగో. దాని ముఖాన వెలుతురు కొడితే అది పారిపోదు, పారిపోతే అది మంద కుక్కే కాదు. పైగా వెలుతురు మంద మీద పడితే జీవాలు బెదిరి లేస్తాయి, నిద్రలేచిన కాపరి తిట్టే తిట్లు ఉదయగిరి దుర్గం దాకా వినిపిస్తాయి. చేలో తెల్లగా మంద కనిపించగానే ఆగి, టార్చిని తన కాళ్ల మీదికీ బట్టల మీదికీ తిప్పుకుని మనిషేనని కనిపించేలా చేసి, “ఎవరయ్యా మంద కాడ? పశువుల ఆసుపత్రి నుంచి, కుక్కను పిలుచుకో” అని గట్టిగా కేక వేయాలి. కాపరి ఒక్క ఈల వేస్తే జరిగే పని ఎంత వెలుతురుతోనూ జరగదు. పగలు మందకు టీకాలు వేయడానికి వెళ్లినప్పుడే ఆ కుక్కలకు మనిషి వాసన, గొంతు అలవాటు చేసుకున్న పశువైద్య సిబ్బందికి రాత్రి ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక కుక్క నిజంగానే మీదికి వస్తే పరుగెత్తకూడదు; పరుగు చూస్తే తరమడం దాని పుట్టుబుద్ధి. పక్కకు తిరిగి నిలబడి, మందుల సంచినో గొడుగునో కర్రనో అడ్డం పెట్టి, అప్పుడు, అంటే నాలుగైదు గజాల దూరంలో ఉన్నప్పుడు, వెలుతురును సూటిగా కళ్లలోకి కొట్టి, “హచ్! పో!” అని ఒక్క అరుపు అరవాలి. అది తటపటాయించిన క్షణంలో వెనుదిరగకుండా ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ గోడకో చెట్టుకో చేరుకోవాలి. రాయి కోసం వంగినట్టు నటించినా ఊరకుక్కలు చాలావరకు వెనక్కి ఉరుకుతాయి. అయితే కుక్క దగ్గరికి వచ్చేశాక వంగితే ముఖం దాని నోటికి అందుతుంది కాబట్టి ఆ నటన దూరాన ఉన్నప్పుడే. కింద పడిపోతే మోకాళ్లు ముడుచుకుని, రెండు చేతులతో మెడనూ చెవులనూ కప్పుకుని కదలకుండా ఉండాలి. మోటారుసైకిలు వెంటపడే కుక్క పక్క నుంచి వస్తుంది, హెడ్‌లైటు దానికి తగలదు. వేగం పెంచి పడిపోయేవాళ్లే ఎక్కువ గనుక నెమ్మదించడమే ఉపాయం.

టార్చి ఎంపిక చిన్న విషయం. వెడల్పుగా పరుచుకునే వెలుతురునూ, సూటిగా పడే వెలుతురునూ ఒకే మీటతో మార్చుకోగలిగినది, తాడుతో మణికట్టుకు తగిలించుకోగలిగినది చాలు. ఈనిక దగ్గర రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి తలకు కట్టుకునే లైటు కూడా కావాలి గాని, దారిలో దానిని వాడితే తల ఎటు తిరిగితే అటే వెలుతురు పోయి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

కుక్కలను కొట్టి చంపడం పరిష్కారమని చెప్పేవాళ్లు ఊరూరా ఉంటారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం దానిని నేరంగా చూస్తుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, రేబీస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. రేబీస్ సోకినవాటిని, దూకుడుగా మీదపడేవాటిని మాత్రం పట్టుకున్న చోట తిరిగి వదలకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. కాబట్టి ఫలానా వీధిలో ఫలానా కుక్క కరుస్తోందని పంచాయతీకో మున్సిపాలిటీకో రాతపూర్వకంగా ఇవ్వడం వృథా కాదు. పశుసంవర్ధక శాఖ మనిషి రాసిన కాగితానికి మరికాస్త బరువు ఉంటుంది.

కరిచినా, గోటితో గీరి రక్తం వచ్చినా, గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ రాయకూడదు, గుడ్డ బిగించి కట్టకూడదు. ఈ ఒక్క విషయంలో ఊరి పెద్దల మాట వినకపోయినా దోషం లేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే పాత భయం పల్లెల్లో ఇంకా పోలేదు. అది గొర్రె మెదడుతో తయారుచేసిన పాత మందు కాలం నాటి మాట, దాని వాడకం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం లోపలికి ఇచ్చే పద్ధతిలో, మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కిస్తే, 0, 3, 7, 28వ రోజుల్లో చేతికి టీకా వేస్తారు. కరిచినా గీరినా రక్తం వస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ అనే మందును కూడా ఎక్కిస్తారు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తం మీద అతి కొద్దిమంది గనుక, కుక్క బాగానే ఉంది కదా అని మొదటి సూదిని రేపటికి వాయిదా వేయకూడదు.

కుక్కల నోళ్లు, పశువుల నోళ్లు చేతులతో తెరిచే ఉద్యోగి కరవకముందే టీకా వేయించుకోవచ్చు. దీనిని ముందస్తు టీకా అంటారు, 0, 7, ఆ తరువాత 21 లేదా 28వ రోజున మూడు మోతాదులుగా ఇస్తారు. అది పూర్తిచేసినవాడిని ఆ తరువాత కుక్క కరిచినా ఇమ్యునోగ్లోబులిన్ అవసరం ఉండదు, 0, 3 రోజుల్లో రెండు సూదులతో సరిపోతుంది, కాకపోతే ఆ రెండూ తప్పనిసరి. ఆత్మకూరు ఆసుపత్రిలో ఈ వారమే అడిగి మొదటి సూది వేయించుకుని, తేదీలు వేసిన చీటీని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి. రాత్రి కబురు ఏ వేళకు వస్తుందో గేదెకు తప్ప తెలియదు.