భీమునికొలను బాట

శ్రీశైలానికి నేడు మోటారు వాహనాలు పోయే ఘాట్ రోడ్లు ఉన్నాయి. దోర్నాల మీదుగా ఒకటి, హైదరాబాదు వైపు నుంచి మరొకటి నల్లమల కొండలను చుట్టి క్షేత్రాన్ని చేరుకొంటాయి. ఈ రోడ్లు ఏర్పడక పూర్వం కర్ణాటక, రాయలసీమ ప్రాంతాల యాత్రికులెందరో ఆత్మకూరు చేరి, అక్కడి నుంచి అడవి మార్గాన మల్లికార్జునుని సన్నిధికి నడిచి వెళ్ళేవారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం ఆ మార్గంలోని మజిలీలు. దూరం 40 కిలోమీటర్లకు పైమాటే. ఈ పేర్లలో చెరువు, బావి, కొలను ఉండటం కాకతాళీయం కాదు. నల్లమలలో నడిచేవాడు దూరాన్ని క్రోసులతో కాక నీటితో కొలుచుకొంటాడు.

కాశీయాత్రకై 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలాన్ని దర్శించింది ఈ మార్గంలోనే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన తన ప్రయాణాన్ని దినచర్యగా రాసుకొన్నారు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’.

ఆ బాట నేటికీ పాడుపడలేదు. ఇప్పుడది పులుల అభయారణ్యంలో ఉన్నందువల్ల ఎవరు పడితే వారు, ఎప్పుడు పడితే అప్పుడు ప్రవేశించడానికి వీలులేదు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం వేలాది యాత్రికులు ఆ దారి పడతారు. ఉగాదికి వచ్చేవారిలో కన్నడిగులే ఎక్కువ. భ్రమరాంబ వారికి దేవత మాత్రమే కాదు, ఇంటి ఆడపడుచు కూడా. పసుపు కుంకుమలు, చీర, గాజులు మూటగట్టుకొని, పుట్టింటివారు కూతురిని చూడబోయినట్లు రోజుల తరబడి నడిచి వస్తారు. కర్రకాళ్ళ మీద నడిచివచ్చే మొక్కుబడి గలవారు కూడా వారిలో ఉంటారు.

పెద్దచెరువు చెంచుగూడెం వద్ద రాత్రి గడిపినవారికి మరునాటి నడకే అసలైన పరీక్ష. తెలతెలవారుతుండగానే బయలుదేరుతారు. చల్లని వేళ ఎంత నడిస్తే అంత లాభం. ఫాల్గుణమాసం చివరి దినాలు కావడంతో నల్లమద్ది, తునికి వంటి చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. అడవి ఉన్నా నీడ ఉండదు. ఎండుటాకుల కింద రాయి కనిపించక అడుగు తడబడుతుంది. బారెడు పొద్దెక్కేసరికి బండలు కాగి, పాదరక్షలు లేనివారు దారి పక్కన మట్టిని వెతుక్కొంటూ నడుస్తారు. ఇటీవల దేవస్థానం వారు, దాతలు దారి పొడవునా మంచినీరు, భోజనం సమకూరుస్తున్నారు. దాహం తీర్చిన సీసాను అడవిలోనే విసరివేసే అలవాటు మాత్రం పాతకాలపు యాత్రికులకు లేదు. వారి భుజాన వేలాడినది సొరకాయ బుర్ర!

మఠంబావి దాటిన తరువాత నేల ఒక్కసారిగా లోయలోకి జారుతుంది. అడుగున భీమునికొలను. ద్రౌపది దప్పిక తీర్చడానికి భీముడు గదతో కొండను మోది నీరు రప్పించాడని స్థలకథ. రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైల, అహోబిల క్షేత్రాలకు సోపానాలు కట్టించాడు. సోపానమంటే ఏమిటో ఈ లోయలో దిగినవారికి తెలుస్తుంది. ఎక్కడం కష్టం, దిగడం సులభం అనుకోవడం పొరపాటు. దిగేటప్పుడు ఒంటి బరువు, మూట బరువు అడుగడుగునా మోకాళ్ళ మీదనే పడుతుంది. వృద్ధురాండ్రు పక్కకు తిరిగి, ఒక చేయి రాతికి ఆనించి, ఒక్కొక్క మెట్టుకు రెండు పాదాలూ మోపి దిగుతారు. వారి వెనుక వచ్చేవారు తొందరపెట్టరు.

అడుగున నీటి ఒడ్డున కాళ్ళు కడుక్కొని, సద్ది విప్పి, కాసేపు నడుము వాలుస్తారు. అయితే అక్కడ ఎక్కువసేపు నిలవడం ప్రమాదం. కూర్చున్న కొద్దీ కాళ్ళు బిగుసుకుపోతాయి. పైగా చీకటి పడేలోగా ఎదుటి కొండ ఎక్కాలి. నిలువునా లేచిన వందలాది మెట్ల చివర కైలాసద్వారం. సగం ఎక్కినవారికి తల ఎత్తితే మెట్లే, వెనుదిరిగితే మెట్లే. పాట పాడేవారి గొంతు మూగబోయి, మల్లయ్యను పిలిచే పిలుపు మాత్రం ఊపిరికొకటిగా వినిపిస్తుంది.

ద్వారం చేరిన పడుచువాళ్ళు అక్కడి గాలికి సేదదీరుతారు. క్షేత్రం ఇంకా కొంత దూరముంది. అయినా వారిలో కొందరు మూటలు దించి, నీళ్ళు పట్టుకొని, ఎక్కివచ్చిన మెట్లనే మళ్ళీ దిగుతారు. కింద ముసలివారింకా ఎక్కుతున్నారు.