బావి యింజనుకు భాగముల నెన్నుకొను విధము: పడవ యింజను నేర్పు పాఠము

ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, గిట్టలు చూచి, నాలుగడుగులు నడిపించి, తెలిసిన నలుగురి నడిగి గాని మనము బయానా ఇయ్యము. ఇంజను విప్పి క్రొత్త భాగములు వేయించునపుడో, అంగడివాడు చేతికిచ్చినదానిని తెచ్చి మేస్త్రీకి అప్పగించి యూరకుందుము. వేరుశనగ ఊడలు దిగు వేళ నాలుగు దినములు ఇంజను నిలిచినచో ఆ నష్టమును ఏ అంగడివాడును పూడ్చడు. కావున ఈ పాఠమున భాగముల నెన్నుకొను క్రమమును వివరించెదము.

చిత్తూరు సీమ బావులపై బ్రదుకు సీమ. మన తాతల కాలమున కపిల యుండెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములో ఆల్ఫ్రెడ్ ఛటర్టన్ అను ఇంజనీరు మదరాసు రాజధానిలో ఆయిలింజనుతో బావినీరు తోడు ప్రయోగములు సాగించెను. పిమ్మట విద్యుత్తు వచ్చెను, బోరుబావులు వచ్చెను. అయినను తీగలు చేరని చేనులయందును, కాలువ గట్లపైనను, చెఱకు గానుగలవద్దను ఆయిలింజనుతో నేటికిని పనియున్నది.

1. పడవ యింజను ఏల దృష్టాంతము?

2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట, తడ ప్రాంతములు చేరినందున పులికాటు తీరమును మన జిల్లాదే యయినది. సముద్రముపై పోవు పడవకు ఇంజను నమర్చువారి పద్ధతి మనకు మిక్కిలి యుపయోగకరము. ఏలయన, లారీ యింజను తిరుమల కొండ నెక్కునపుడు శ్రమించినను దిగునపుడు విశ్రమించును. పడవ యింజనుకు దిగుడు లేదు. ఎంతసేపు నడచునో అంతసేపును నీరు దాని నెదిరించుచునే యుండును. మన బావి యింజను స్థితియు నిదియే. తోటకు నీరు పాఱునంతసేపు దానికి ఒకే బరువు.

అందుచేతనే పడవ యింజనుల తయారీదారులు ఒకే యింజనుకు, కొలదిసేపు ఈయగల అశ్వశక్తి యెంత, ఎడతెగక ఈయగల అశ్వశక్తి యెంత అని వేఱువేఱుగా లెక్కలు చూపుదురు. మనమును కొనునపుడు ఎడతెగక ఈయగల శక్తినే అడుగవలెను. పలకపై పెద్ద అంకె చూచి మోసపోరాదు.

2. మొదట పనిని కొలువుము

పడవవాడు ఇంజనుతో లెక్క మొదలిడడు. పడవ బరువెంత, ఎంత వేగము కావలెను, దానికి నీటిలో తిరుగు ఱెక్కల చక్రము ఎంతటిది కావలెను అని చూచి, ఆ చక్రమునకు తగిన యింజనును కోరును. మనమును నీటితో మొదలిడవలెను.

సెకనుకు 10 లీటర్ల నీరు, గొట్టములలోని ఒరపిడితో కలిపి 15 మీటర్ల ఎత్తునకు పోయవలెననుకొందము. పదిని పదునైదుతో గుణించి 75తో భాగించిన 2 అశ్వశక్తులు వచ్చును. ఇది నీటికి చేరవలసిన శక్తి. పంపు తాను గ్రహించిన నూఱుపాళ్లలో అఱువది పాళ్లే నీటికి ఇచ్చుననుకొన్నచో పంపునకు 3.3 అశ్వశక్తులు కావలెను. బెల్టు జాఱుడును కలిపిన 3.5. దీనిపై నాలుగవ వంతు మిగులు ఉంచినచో 4.4 అగును. కనుక ఎడతెగక 5 అశ్వశక్తుల నిచ్చు ఇంజను చాలును. పది అశ్వశక్తుల ఇంజను తెచ్చినందున బావిలో నీరు పెరుగదు. పెరుగునది నూనె ఖర్చే.

3. పెద్ద పుల్లీ యాశ

నీరు చాలలేదని ఇంజను పుల్లీని పెద్దది చేయించి పంపును వేగముగా త్రిప్పుట పలుచోట్ల కానవచ్చును. పడవ చక్రమునకును, పంపులోని చక్రమునకును ఒకే ధర్మము కలదు. వేగము పదింట నొకవంతు పెరిగినచో, కావలసిన శక్తి మూడింట నొకవంతు పెరుగును. వేగము అయిదింట నొకవంతు పెరిగినచో, శక్తి ముప్పాతిక వంతునకు దాపుగా పెరుగును. బావిలోతునుబట్టి పంపు లెక్కలో కొంత భేదమున్నను సారాంశ మిదియే.

పైన చెప్పిన 3.5 అశ్వశక్తుల పని మొదటి తీరున 4.7, రెండవ తీరున 6 అగును. అయిదు అశ్వశక్తుల ఇంజను అప్పుడు నల్లని పొగ క్రక్కును. ఆ పొగ కాలక వ్యర్థమైన నూనె. పిమ్మట వేడిమి పెరిగి రింగులు అతుకుకొనును. కావున పుల్లీల వ్యాసములను లెక్కించి, పంపు పలకపై వ్రాసిన చుట్లనే త్రిప్పవలెను. ఇంజను గవర్నరు స్ప్రింగును బిగించి చుట్లు పెంచుటయు నిట్టి తప్పిదమే.

4. గొట్టములు, ఫుట్ వాల్వు

ఇంజనుపై వేలు వెచ్చించి గొట్టము దగ్గఱ పొదుపు చేయుట మన అలవాటు. ఒకే పరిమాణపు నీరు 80 మిల్లీమీటర్ల గొట్టములో కంటె 65 మిల్లీమీటర్ల గొట్టములో పోవునపుడు ఒరపిడి దాదాపు మూడు రెట్లు. సన్నని గొట్టము ప్రతిదినమును నూనె త్రాగును. లావైన గొట్టమునకు ఒక్కసారి యిచ్చిన సొమ్ము చాలును. ఫుట్ వాల్వు జల్లెడ ఇఱుకుగా నున్నను ఇట్టి నష్టమే కలుగును.

ఎంత గొప్ప పంపైనను నీటిని తాను పీల్చుట లేదు. గాలి బరువే నీటిని పైకి నెట్టును. సముద్రమట్టమున ఆ బరువు మోయగలది 10.3 మీటర్ల నీరు మాత్రమే. వాడుకలో 6, 7 మీటర్లకు మించి నమ్మరాదు. ఇంచుమించు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లె వైపు ఈ లెక్కలో మఱి రెండున్నర అడుగులు తగ్గించుకొనవలెను. కావున వేసవిలో నీరు దిగినకొలది పంపును బావిలోని క్రింది గట్టునకు దింపవలసియుండును. పంపును దింపవచ్చును గాని ఆయిలింజనును మాత్రము ఎన్నడును బావిలోనికి దింపరాదు. దాని పొగలోని విషవాయువు వాసన లేనిది, రంగు లేనిది. లోపల దిగినవానిని, వానికై దిగినవానిని కూడ అది చంపును.

5. లోపలి భాగములు

ఇవి ఒక కుటుంబమువంటివి. ఒక్కరిని మార్చినపుడు తక్కినవారికి పొసగునా యని చూడవలెను.

పిస్టను, రింగులు, లైనరు: వీలైనంతవఱకు మూటిని ఒకే తయారీవి తీసికొనుడు. అఱిగి గాడిపడిన లైనరులో క్రొత్త రింగులు నిలువవు. క్రోమియము పూత పూసిన లైనరులో అదే పూతగల రింగు వేయరాదు; రెండును ఒకదాని నొకటి గీచుకొనును. బిగించుటకు ముందు ప్రతి రింగును లైనరులోనికి సమముగా నెట్టి, దాని కొనల సందును కొలువుడు. నూఱు మిల్లీమీటర్ల వ్యాసమునకు 0.3 నుండి 0.4 మిల్లీమీటర్ల సందు సాధారణము. తయారీదారు పుస్తకమున వేఱు లెక్క యున్నచో దానినే పాటింపుడు. సందు లేని రింగు వేడికి సాగి విఱుగును.

బేరింగులు: క్రాంకు షాఫ్టును లేతు వర్కుషాపులో మైక్రోమీటరుతో కొలిపింపక బేరింగులు కొనరాదు. అఱుగుదలనుబట్టి షాఫ్టును పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో తగ్గించి చెక్కుదురు. ఆ కొలతకు తగినవే కొనవలెను.

నాజిల్, గాస్కెట్టు: శక్తి పెరుగునని పెద్ద రంధ్రముల నాజిల్ గాని, పలుచని గాస్కెట్టు గాని వేయరాదు. మొదటిదానివలన కాలని నూనె లైనరు గోడలగుండ దిగి క్రిందనున్న కందెనను పలుచన చేయును. రెండవదానివలన పిస్టను వాల్వుకు తగులు ప్రమాదము కలదు.

6. రూపమొకటే, గుణము వేఱు

పడవలో పెట్రోలు ఇంజనుకు వేయు స్టార్టరు చూపునకు మోటారుకారుదానివలెనే యుండును. కాని పడవ యడుగున పెట్రోలు ఆవిరి నిలుచును గనుక, నిప్పురవ్వ వెలికి రాకుండ దానిని మూసివేయుదురు. పోలికను నమ్మి కారు భాగము వేసినవాని పడవ కాలిపోవచ్చును. మనకును భాగము సంఖ్యయే ప్రమాణము గాని రూపము కాదు.

సముద్రమున శత్రువు ఉప్పు. అందుకై వారు ఇంజనులోని నీటిదారులలో తుత్తునాగపు ముక్కల నుంచుదురు. ఉప్పునీరు ఇనుమును విడిచి ముందు వానిని తినును. మన శత్రువులు దుమ్ము, సున్నపు నీరు. గాలి వడపోత లేని యింజనులో క్రొత్త రింగులు వేయుట చిల్లికుండలో నీరు పోయుటయే. నీటి తొడుగులో సున్నపు పెచ్చు కట్టినచో వేడి వెలికి పోదు. ఇంజను విప్పినపుడే దానిని గోకింపవలెను. నీరు మితిమీఱి చల్లగా వెలికి వచ్చుటయు దోషమే. చల్లని సిలిండరు త్వరగా అఱుగును.

7. కొనుట

సొమ్ము కొలదిగా నున్నచో వెచ్చించు వరుస ఇది: మొదట వడపోతలు, కందెన, నీటి మార్గము, తరువాత బేరింగులు, ఆ తరువాత పిస్టను, లైనరు, అన్నిటికిని కడపట శక్తి పెంచు ఆలోచన. పడవవాడును ప్రాణము నిలుపు భాగములకే ముందు చెల్లించును.

ఒకే తయారీ యింజనులుగల సభ్యులు కూడి సంఘము ద్వారా ఒక్కసారి ఆర్డరు పంపినచో, బేరమునకు బలము కలుగును. పాత భాగమును ఒప్పందము కుదురువఱకు పాఱవేయకుడు. బిల్లుపై భాగము సంఖ్యను వ్రాయింపుడు. సంఖ్య లేని బిల్లు వివాదము వచ్చిన దినమున ఉత్త కాగితమే.

అభ్యాసము: మీ బావి లోతు, నీటిమట్టము, గొట్టము వ్యాసము, రెండు పుల్లీల వ్యాసములు, ఇంజను చుట్లు ఒక కాగితముపై వ్రాసి, రెండవ ప్రకరణములోని లెక్కను మీ బావికి కట్టి చూడుడు. ఆ కాగితము చేతనుంచుకొని అంగడికి పొండు. అప్పుడు ఎద్దును కొనునట్లే ఇంజను భాగములను గూడ కన్నులు తెఱచి కొనగలరు.