మెట్ల మొక్కు ఆగుతుంది, ముందు నీ ఒళ్ళు చూసుకో

అన్నవరం

చి.ల.సౌ. అమ్మడికి మీ అత్తయ్య దీవించి రాయునది.

ఫోనులో అయితే ఇంట్లో వాళ్ళ ముందు నువ్వు మనసు విప్పి మాట్లాడలేవని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రేడియేషన్ అయిపోయి ఏడాది దాటింది, రిపోర్టులు బాగున్నాయి, జుట్టు కూడా వచ్చేసింది, అయినా పొద్దున్నే మంచం దిగాలంటే భయమేస్తోంది, నేను బద్ధకస్తురాలినైపోయానా అత్తా అని అడిగావు. కాలేదమ్మా. ఇన్నేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని, నీ ఓదార్పు కోసం ఈ మాట అనడం లేదు. క్యాన్సర్ వైద్యం తర్వాత మిగిలిపోయే ఈ నీరసం డాక్టర్లకు బాగా తెలిసిన బాధ. రాత్రంతా పడుకున్నా తీరదు. చేసిన పనికీ వచ్చిన అలసటకీ పొంతన ఉండదు. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరిని ఏళ్ళ తరబడి వదలదు. పిల్లల పేపర్లు దిద్దుతూ మార్కులు కూడటంలో తప్పులు పోతున్నాయన్నావు చూడు, అదీ ఇందులోదే. ఒంటితో పాటు బుర్రా అలిసిపోతుంది.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మీ పిల్లలకి పాఠం చెప్పే ఉంటావు. కండరం పని చేయడానికి కావలసిన శక్తి ఏ పదార్థాల్లో నిలవ ఉంటుందో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనిపెట్టింది ఆయనే: 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనల నుంచే క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ వచ్చింది. ఓపికంటే ఒంట్లో జరిగే రసాయన చర్య అని చూపినవాడూ, ఇవాళ్టికీ ఎందరినో బతికిస్తున్న మందుకి దారి వేసినవాడూ ఒక్కరే. అందుకే "మనసు గట్టి చేసుకుంటే ఓపిక అదే వస్తుంది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు, కీమో, రేడియేషన్, ఇప్పుడు రోజూ వేసుకునే హార్మోను మాత్ర, ఇన్నిటిని తట్టుకున్న ఒళ్ళు నీది.

అలాగని ఇది మామూలేలే అని ఊరుకోకు. నువ్వుండేది గాజువాకలోనే కాబట్టి అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రి నీకు దగ్గరే. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు "కొంచెం నీరసంగా ఉంది సార్" అని గొణిగి వచ్చేయకు. సున్నా నుంచి పదిలో ఎంత నీరసమో అంకె వేసి చెప్పు. నాలుగు గానీ ఆపైన గానీ ఉంటే వాళ్ళు కారణం వెతకాలి. రక్తం తక్కువుందా, థైరాయిడ్ మందగించిందా, షుగర్, బీ12 ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూడమను. నీకు కీమోలో ఎర్ర మందు ఎక్కించారు కాబట్టి గుండెకి ఎకో అవసరమా అని కూడా అడుగు. రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి నిద్ర పాడవుతోందని చెప్పు, కానీ వాళ్ళు చెప్పకుండా మాత్ర మానేయకు. ఏ పనిమీదా ఆసక్తి లేక ఏడుపొస్తుంటే అదీ దాచకు. దానికీ వైద్యం ఉంది. ఉన్నట్టుండి ఆయాసం, జ్వరం, కొత్తగా నొప్పి వస్తే మాత్రం చెకప్ తేదీ దాకా ఆగొద్దు.

మీ వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటున్నావట. మానేయమ్మా. ఆ సీసాలో ఉండేది ఉప్పునీళ్ళో గ్లూకోజు నీళ్ళో. ఈ నీరసానికి అది మందు కాదు. పైగా చంకలో బిళ్ళలు తీసిన వైపు చేతికి సూది పొడవనీయొద్దని ఆపరేషన్ నాడు నీకు చెప్పే ఉంటారు.

నమ్మబుద్ధి కాదు గానీ, దీనికి బాగా పనిచేసేది నడక. 2017లో అమెరికా పరిశోధకులు 113 అధ్యయనాలు, పదకొండు వేల పైచిలుకు రోగుల ఫలితాలు కలిపి చూస్తే, ఈ నీరసానికి మాత్రల కన్నా వ్యాయామం, మనసుకి ఇచ్చే చికిత్స మెరుగని తేలింది. మొదట ఇంటి ముందు ఐదు నిమిషాలు చాలు. మర్నాడు పడిపోకుండా ఉంటే అంతే నడువు, వారం పోయాక రెండు నిమిషాలు కలుపు. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున నడవగలిగే దాకా రావాలి. దానికి నెలలు పట్టినా పరవాలేదు. బాగున్న రోజున ఇల్లంతా కడిగేసి తర్వాత మూడు రోజులు మంచమెక్కడం నీ అలవాటు. దాళ్వాలో నీళ్ళు చాలనప్పుడు మన కాలవలకి వంతులవారీగా వదులుతారే, నీ ఓపికనీ అలాగే వాడుకోవాలి. బడికి వెళ్ళిన రోజు వంట అల్లుడు చేస్తాడు. ఆ సంగతి ఆయనకి నేనే చెబుతాను. పగలు అరగంట మించి పడుకోకు.

ఇక మొక్కు సంగతి. జబ్బు నయమైతే కొండ కింది తొలిపావంచా దగ్గర్నుంచి మెట్లెక్కి వచ్చి వ్రతం చేయించుకుంటానన్నావు. నాలుగు వందల పైచిలుకు మెట్లు ఈ కార్తీకానికి నీవల్ల కాదు, ఎక్కనివ్వను కూడా. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, బస్సెక్కి ఘాట్ రోడ్డు మీదుగా పైకి రండి. పౌర్ణమి, ఆదివారాలు వదిలేసి మామూలు రోజు పొద్దున్నే అయితే నిలబడే బాధ తక్కువ. మెట్లు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడు కాకపోతే ఆ పైఏడు ఎక్కుదువు గాని. దేవుడు అలుగుతాడని మీ అత్తగారు అంటే, నేను పుట్టి పెరిగింది ఈ కొండ కిందే, అలగడని నేను చెప్పానని చెప్పు.

నోటితో చెప్పలేవు గనక ఈ ఉత్తరమే అల్లుడికీ మీ అత్తగారికీ చదివి వినిపించు. థైరాయిడ్ రిపోర్టు రాగానే నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య