తాలు - గట్టిగింజ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల రైతులు కళ్లములందు ధాన్యమును తూర్పారబట్టుట పెద్దలెల్లరు ఎరిగినదే. తాలుతో కలిపి కొలిచిన రాశి పెద్దదిగ తోచును. గాలికెత్తిన పిదపగాని అసలు తూకము తెలియదు. భౌతికశాస్త్రమునందును ఒకమారు ఇట్టిదే జరిగినది.

పరమాణువుకంటె సూక్ష్మమైన కణములలో 'బి మేసాను' ఒకటి. సెకనును లక్షకోట్ల భాగములు చేసిన, అందు ఒకటి రెండు భాగముల కాలముననే అది క్షయించి అన్యకణములుగ మారును. బహు అరుదుగ దానినుండి 'కె మేసాను'తో పాటు ఎలక్ట్రానుల జంటయో, మ్యూవానుల జంటయో వెలువడును. మ్యూవాను ఎలక్ట్రానుకంటె 207 రెట్లు బరువైనది. అయినను ఈ రెండు విధముల క్షయములును సమానముగ జరుగవలెనని ప్రామాణిక సిద్ధాంతము చెప్పుచున్నది.

జెనీవా నగరము చెంత భూగర్భమున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల మహాయంత్రము కలదు. అచ్చట 'ఎల్‌హెచ్‌సిబి' ప్రయోగము జరుపు శాస్త్రజ్ఞులకు 2014లోనే ఈ లెక్కయందు తేడా కనబడెను. 2021లో మరల లెక్కింపగా, ఎలక్ట్రాను జంటలు నూరింటికి మ్యూవాను జంటలు 85 మాత్రమే తేలెను. ఇంతటి తేడా కేవలము కాకతాళీయముగ వచ్చుటకు వేయింట ఒక పాలు మాత్రమే అవకాశము కలదు.

కారణమేమి? కొందరు 'సూపర్ సిమెట్రీ', అనగా మహాసౌష్ఠవ వాదమును ఆశ్రయించిరి. ప్రతి మూలకణమునకును ఇంతవరకు కంటబడని జోడుకణమొకటి కలదనియు, అట్టివి నడుమ జొచ్చి క్షయమును మార్చుచున్నవనియు వారు ఊహించిరి. అరుదైన క్షయములపై ఈ వాదము చూపు ప్రభావమును తెలంగాణమునందు చాల ముందుగనే పరిశోధించినవారు కలరు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యురాలు రుక్మణి మహంత, కందిలోని ఐఐటి ఆచార్యులు అంజన్ గిరి అట్టివారు.

జెనీవా శాస్త్రజ్ఞులు వచ్చిన కీర్తితో తృప్తిపడక తమ లెక్కను తామే మరల శోధించిరి. ఎలక్ట్రానులని ఎంచినవానిలో కొన్ని ఎలక్ట్రానులు కావనియు, వానివలె కనబడిన అన్యకణములనియు తెలిసెను. ఆ తాలును తొలగింపగా రెండు రాశులును సరితూగెను. 2022 డిసెంబరులో ఈ సంగతిని వారే లోకమునకు వెల్లడించిరి.

దీనిచే మహాసౌష్ఠవము అసత్యమని తేలలేదు. దానికి ఆధారమనుకొన్న ఒక సాక్ష్యము మాత్రము తొలగిపోయెను. 'టౌ' కణమునకు సంబంధించిన మరియొక తేడా ఇంకను విచారణలోనే యున్నది.

ఊహ లేనిదే శాస్త్రము ముందునకు సాగదు. పరీక్షకు నిలువని ఊహ శాస్త్రము కానేరదు. తన రాశిలోని తాలును తానే చెరిగి పారబోయు రైతు తూకమునే అంగడి నమ్మును.