క్రెడిట్ కార్డుతో కొనుగోళ్లు – షరీఅత్ ఏమంటుంది?

కిరాణా సరుకులు, మందులు, పిల్లల బట్టలు... అన్నింటికీ క్రెడిట్ కార్డు వాడటం నేడు మన ఇళ్లలో కూడా అలవాటుగా మారింది. "గడువులోగా కట్టేస్తే వడ్డీ పడదు కదా, ఇందులో తప్పేముంది?" అని చాలామంది అడుగుతుంటారు. దీనికి సమాధానం తెలియాలంటే ముందు ఆ కార్డు స్వరూపాన్ని అర్థం చేసుకోవాలి.

ప్రతి కొనుగోలూ ఒక అప్పే

డెబిట్ కార్డుతో ఖర్చయ్యేది మన ఖాతాలోని సొమ్మే. అది నగదు ఇచ్చినట్లే, ధర్మసమ్మతమే. క్రెడిట్ కార్డు అలా కాదు. దుకాణదారునికి బ్యాంకు చెల్లిస్తుంది, మనం బ్యాంకుకు బాకీ పడతాం.

అప్పు నిషిద్ధం కాదు. దైవప్రవక్త (సఅసం) ఒక యూదుని వద్ద తమ కవచాన్ని కుదువపెట్టి ఇంటికి యవలు తీసుకున్నారు. కాని ఆయనే నమాజులో అప్పుల బారి నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. బాకీతో మరణించిన ఒక వ్యక్తికి ఆయన స్వయంగా జనాజా నమాజు చేయించలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీకి పూచీ పడిన తర్వాతే చేయించారు. ఇవన్నీ సహీహ్ బుఖారీలో ఉన్నాయి.

అసలు ఉచ్చు ఎక్కడుంది?

బిల్లులో రెండు అంకెలు ఉంటాయి: మొత్తం బాకీ, కనీస చెల్లింపు. ఉదాహరణకు బిల్లు 10,000 రూపాయలు, కనీస చెల్లింపు 500 అనుకుందాం. ఆ 500 కట్టి ఊరుకుంటే మిగిలిన 9,500పై నెలకు నూటికి మూడున్నర రూపాయల చొప్పున సుమారు 332 రూపాయల వడ్డీ, దానిపై 18 శాతం జి.ఎస్.టి. పడతాయి. మరుసటి నెల మళ్లీ 500 కడితే అందులో దాదాపు 392 వాటికే పోయి, అసలు తీరేది 108 మాత్రమే! వడ్డీ వదులుకోనివారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని 'అల్ బఖరా' సూరా 279వ ఆయతు హెచ్చరిస్తోంది. వడ్డీ తినేవారినే కాదు, ఇచ్చేవారిని కూడా దైవప్రవక్త (సఅసం) శపించారు (సహీహ్ ముస్లిం).

ధర్మపండితుల తీర్పు

ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన ఫిఖ్హ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో సమావేశమై, ఒప్పందంలో వడ్డీ షరతు ఉన్న కార్డు, గడువులోగా కట్టే ఉద్దేశం ఉన్నాసరే, తీసుకోరాదని తీర్మానించింది. అయితే పలువురు హనఫీ ముఫ్తీలు అవసరం ఉంటే, వడ్డీ పడే పరిస్థితి రానివ్వనంటే అనుమతించారు. రోజువారీ సరుకులకు నగదు, డెబిట్ కార్డు, ఖాతా నుండి నేరుగా చెల్లింపు సరిపోతున్నప్పుడు దూరంగా ఉండటమే క్షేమం.

తప్పనిసరైతే పాటించవలసినవి

1. ఖాతాలో ఉన్నంత సొమ్ముకే కొనాలి.

2. గడువుకు ముందే 'మొత్తం బాకీ' దానంతటదే కట్టేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోవాలి. 'కనీస చెల్లింపు' ఎంచుకోరాదు.

3. కార్డుతో నగదు తీయరాదు. దానికి గడువు ఉండదు, తీసిన రోజు నుండే వడ్డీ మొదలవుతుంది.

4. వడ్డీతో కూడిన వాయిదాలకు ఒప్పుకోరాదు.

ఇప్పటికే చిక్కుకున్నవారు తౌబా చేసి, కార్డు వాడకం ఆపి, ఇతర ఖర్చులు తగ్గించుకొని, అవసరమైతే ఇంట్లోని బంగారం అమ్మి అయినా ముందుగా ఆ బాకీ తీర్చాలి. ఈ విషయం భర్త భార్యకు దాచకూడదు, భార్య భర్తకు దాచకూడదు.

అల్లాహ్ మనందరినీ వడ్డీ నుండి కాపాడి, హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.