కొత్త ఎస్‌యూవీ తాళం చేతికొచ్చిన డ్రైవర్‌కు

ఏళ్ల తరబడి ఇన్నోవా నడిపిన డ్రైవర్ ఒక్కసారిగా మెర్సిడెస్ జీఎల్ఎస్‌లోనో, బీఎండబ్ల్యూ ఎక్స్7లోనో కూర్చుంటే సైజు గురించి భయపడతాడు. పొడవూ వెడల్పూ నాలుగు రోజుల్లో కంటికి అలవాటైపోతాయి. అసలు చిక్కు బండి తనంతట తాను చేసే పనులతో వస్తుంది. ఇండికేటర్ వేయకుండా లారీని దాటబోతే స్టీరింగ్ ఎదురు తిరుగుతుంది. సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటే ఎవరో కాలుపెట్టి తొక్కినట్టు బ్రేకు పడుతుంది. వెనక సీట్లో సార్ ఉలిక్కిపడి "ఏమైందయ్యా?" అంటారు. దానికి జవాబు చెప్పగలగడం ఇప్పుడు డ్రైవర్ ఉద్యోగంలో భాగమైపోయింది.

ఇది కోటి రూపాయల బండ్ల గొడవే అనుకోకండి. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 దగ్గర్నుంచి ఇవే సదుపాయాలు మధ్యతరగతి బండ్లలోకీ దిగాయి. అందరూ అడాస్ అంటున్నది వీటినే.

మొదటి పని డెలివరీ రోజునే ఉంది. షోరూంలో రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటోలు దిగుతారు, ఆ తర్వాత అక్కడి కుర్రాడు ఓనర్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టి అరగంటసేపు ఫీచర్లన్నీ చెబుతాడు. రోజూ నడపాల్సిన మనిషి బయట స్వీటు డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాడు. ఓనర్‌కు ముందే చెప్పండి: "సార్, డెలివరీకి నేనూ వస్తాను. ఫీచర్లు చెప్పేటప్పుడు నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టండి." బండి ఇంటికి వచ్చేసి ఉంటే, మొదటి సర్వీసుకు తీసుకెళ్లినప్పుడు అక్కడి అడ్వైజర్‌ను ఓ ఇరవై నిమిషాలు అడగండి. గ్లవ్ బాక్సులో ఉండే పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది. అంతా చదవక్కర్లేదు. త్రికోణం గుర్తుతో హెచ్చరికలు ఉన్న పేజీలను ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత చదివించుకోండి. ఏ ఫీచర్ ఎప్పుడు పనిచేయదో కంపెనీ ఒప్పుకునేది ఆ పేజీల్లోనే.

ఈ ఫీచర్లకు ప్రపంచమంతా సున్నా నుంచి అయిదు దాకా లెవెల్స్ పెట్టుకున్నారు. మన దగ్గర అడాస్ ఉన్న బండ్లు చాలావరకు లెవెల్ 2. అంటే ముందు బండిని బట్టి వేగం పెంచుకోవడం, తగ్గించుకోవడం (దీన్నే క్రూయిజ్ అంటారు), లైన్ల మధ్య స్టీరింగ్ సర్దుకోవడం కాసేపు బండి చూసుకుంటుంది. రోడ్డు మీద కన్ను మాత్రం ప్రతి క్షణమూ డ్రైవర్‌దే ఉండాలి. యాక్సిడెంట్ జరిగితే కేసు స్టీరింగ్ పట్టుకున్నవాడి మీద రాస్తారు. బండే బ్రేకు వేస్తుందనుకున్నానండీ అంటే స్టేషన్‌లో నవ్వుతారు.

ఇక బండికి కళ్లు ఎక్కడున్నాయో వెతకండి. ముందు అద్దం పైభాగాన, లోపలి మిర్రర్ వెనక, ఒక కెమెరా ఉంటుంది. ముందు బంపర్‌లోనో గ్రిల్ మధ్యలోనో రాడార్ ఉంటుంది. చాలా మెర్సిడెస్ బండ్లలో గ్రిల్ మధ్య నున్నగా, చదునుగా కనిపించే నక్షత్రం ఆ రాడార్‌కు మూతే. పక్కనుంచి వచ్చే బండ్లను కనిపెట్టే రాడార్లు వెనక బంపర్ రెండు మూలల్లో లోపల దాగి ఉంటాయి. బంపర్ల మీద రూపాయి బిళ్లల్లా కనిపించేవి పార్కింగ్ సెన్సార్లు. పొద్దున బండి తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో ముందు వీటిని తుడిచి, తర్వాతే మిగతా బండి జోలికి వెళ్లండి.

ఇవి తెలిశాక దసరా నాటి ఆయుధపూజ గురించి కాస్త ఆలోచించాలి. బంతిపూల దండ గ్రిల్‌కు అడ్డంగా కడతాం, లోగో మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాం, బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడదీస్తాం. ఇవన్నీ సరిగ్గా రాడార్ ముందుకొస్తాయి. పూజ మానమని ఎవరూ అనరు. బొట్టు బానెట్ మీద పెట్టండి, దండ ఇంటి ముందు ఫొటో అయ్యాక తీసేసి బయలుదేరండి. ఫాస్టాగ్ స్టిక్కర్, అపార్ట్‌మెంట్ స్టిక్కర్, క్లబ్ స్టిక్కర్ అన్నీ మిర్రర్ వెనకే అంటించడం మనకు అలవాటు. అక్కడే కెమెరా ఉంది కాబట్టి దాని ముందున్న అద్దం ముక్కను ఖాళీగా వదలండి. డాష్‌బోర్డు మీద ఎడమవైపు దేవుడి విగ్రహాన్ని గమ్‌తో అతికించే ముందు ఆ ప్లాస్టిక్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందేమో చూడండి. బ్యాగ్ విచ్చుకునే వేగానికి విగ్రహం నేరుగా పక్క సీట్లో మనిషి ముఖం మీదకు వస్తుంది. ముందు ఇనుప గార్డు బిగిద్దామని ఓనర్ అంటే, 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వాటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసిందని మర్యాదగా గుర్తు చేయండి.

జోరు వానలోనో, బురద రోడ్డు దాటాకో తెర మీద "సిస్టం అందుబాటులో లేదు" అన్న అర్థంతో మెసేజ్ వస్తుంది. చాలాసార్లు అది రిపేరు కాదు. నాకు కనబడటం లేదు, నువ్వే చూసుకో అని బండి చెప్పడమే. తుడిచినా పోకుండా మర్నాడూ అదే మెసేజ్ వస్తుంటే అప్పుడు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.

వాన సంగతి బండి చెబుతుంది. చెప్పకుండా చూపు తప్పే చోటు ఒకటుంది, దాని గురించే ఎక్కువ జాగ్రత్త కావాలి. అది రోడ్డు మీద ఆగి ఉన్న లారీ.

రాడార్ ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో కదులుతోంది అన్నది కొలుస్తుంది. కదలనివి రోడ్డు నిండా ఉంటాయి: సైన్ బోర్డులు, ఫ్లైఓవర్ స్తంభాలు, డివైడర్ రెయిలింగ్. ప్రతి దానికీ బ్రేకు వేస్తే బండి ముందుకు పోదు. అందుకే పెద్ద వేగంలో ఉన్నప్పుడు చాలా సిస్టములు కదలని వస్తువులను అంతగా లెక్కచేయవు. ఆగి ఉన్న వాహనాలను గుర్తించకపోవచ్చని కంపెనీల మాన్యువళ్లే రాసుకుంటాయి. కెమెరా సాయం చేస్తుందనుకుంటే, అర్ధరాత్రి వెనక లైట్లు లేకుండా, రిఫ్లెక్టర్ల మీద మట్టి పేరుకుపోయి, సగం మార్జిన్‌లో సగం రోడ్డు మీద నిలబెట్టిన లారీ కెమెరాకూ మసక మసకే.

ఇంకో మెలిక ఉంది. విజయవాడ హైవే మీద క్రూయిజ్ 100కు పెట్టారనుకోండి. ముందు ఓ కారు 80లో పోతోంది, మీ బండి దాని వెనక బుద్ధిగా 80లోనే పోతోంది. ఆ కారు డ్రైవర్‌కు దూరాన ఆగిన లారీ కనబడింది. చటుక్కున పక్క లేన్‌లోకి తప్పుకున్నాడు. మీ బండికి ముందు ఖాళీ దొరికింది, పెట్టిన స్పీడు 100 కాబట్టి అది వేగం పెంచడం మొదలుపెడుతుంది, లారీ మీదకే. 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఏం జరుగుతోందో అర్థం చేసుకుని కాలు బ్రేకు మీదకు తెచ్చేసరికే చాలా దూరం అయిపోతుంది. కాబట్టి ముందు కారు అకారణంగా పక్కకు తప్పుకుంటే అక్కడ కారణం ఉందనే అనుకుని వెంటనే బ్రేకు మీద కాలు పెట్టండి. బ్రేకు తాకితే చాలు, క్రూయిజ్ తెగిపోతుంది.

నా మాటగా చెప్పాలంటే, క్రూయిజ్‌కు తగిన చోటు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటిది. 158 కిలోమీటర్ల పొడవునా అటూ ఇటూ కంచె, టూవీలర్లకు ప్రవేశం లేదు, లైన్లు స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ కూడా పగలే ఎక్కువ నమ్మండి. మామూలు హైవే మీద రాత్రిపూట క్రూయిజ్ వేయకపోతే పోయేదేమీ లేదు. టోల్ ప్లాజా, రోడ్డు పనుల డైవర్షన్, ఊరి మధ్య రోడ్డు, శ్రీశైలం ఘాట్, తిరుమల ఘాట్ వచ్చాయంటే అది ఆఫ్. గేదె, అడ్డంగా పరిగెత్తే కుక్క, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, ట్రాలీ దాటి బయటకు పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు... వీటిని బండి గుర్తుపడుతుందన్న నమ్మకం పెట్టుకోకండి.

సిటీలో గొడవ వేరు. ముందు బండికి మీరు వదిలిన ఖాళీలోకి ఆటో దూరుతుంది, దాని వెనక బైకు దూరుతుంది, ప్రతిసారీ బండి మోగుతుంది, ఒక్కోసారి తనే బ్రేకు కొడుతుంది. రెండు రోజులు చూసి ఓనర్ అంటారు: "ఈ గోల ఆపెయ్, అన్నీ ఆఫ్ చెయ్." అప్పుడు అన్నీ ఆఫ్ చేయకండి. ముందు హెచ్చరిక ఎంత త్వరగా మోగాలన్నది చాలా బండ్లలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. సిటీకి ఆలస్యంగా మోగేలా పెట్టండి. "సార్, అలారం తగ్గించాను. బ్రేకు ఒక్కటి ఉండనిద్దాం" అంటే ఎవరూ కాదనరు. లైన్ దాటితే స్టీరింగ్ లాగే ఫీచర్‌ను మాత్రం గీతలు చెరిగిపోయిన రోడ్లలో, ఇరుకు సింగిల్ రోడ్లలో నిస్సంకోచంగా తీసేయండి. పాత గీతా కొత్త గీతా రెండూ కనిపించే చోట అది సాయం కన్నా చికాకే. మిగతా చోట్ల ఇండికేటర్ వేసి లేన్ మారితే అది నోరెత్తదు. ఇన్నేళ్లూ ఇండికేటర్ వేయని మనకు అది ఒక రకంగా ట్రెయినింగే.

వెనక సీటు బెల్టు విషయం డ్రైవర్‌కు ఇబ్బందికరమైనది. జీతం ఇచ్చేవాళ్లకు బెల్టు పెట్టుకోమని ఎలా చెప్పడం? 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర యాక్సిడెంట్‌లో, మెర్సిడెస్ ఎస్‌యూవీలో ఉన్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రాణాలు కోల్పోయినప్పుడు వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా బెల్టు పట్టి ఉంచిన మనిషి కోసమే వాటిని తయారుచేస్తారు. చట్టప్రకారం వెనకవాళ్లకూ బెల్టు తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అయినా పెద్దవాళ్లకు చట్టం చెబితే వినరు. నెపం బండి మీద వేయండి: "అమ్మా, బెల్టు పెట్టుకోండి, లేకపోతే ఇది దారంతా మోగుతూనే ఉంటుంది." ఆ మోత ఆపే క్లిప్పులు బజారులో దొరుకుతాయి. వాటిని అమ్మకం నుంచి తీసేయమని 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది. ఎవరైనా తెచ్చిచ్చినా పెట్టకండి. అలాగే దిగేటప్పుడూ జాగ్రత్త కావాలి. చాలా లగ్జరీ బండ్లలో వెనకనుంచి బైకు వస్తుంటే తలుపు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. పిల్లలకు, పెద్దవాళ్లకు ఆ లైటు ఏమిటో బండి ఆగి ఉన్నప్పుడు ఒకసారి చూపించండి.

తెర మీద కాఫీ కప్పు బొమ్మ వస్తే నిద్ర వస్తోందని బండికి అనుమానం వచ్చినట్టు. చాలా బండ్లలో అది స్టీరింగ్ తిప్పే తీరు చూసి వేసే అంచనా. అసలు విషయం డ్యూటీ గంటలు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పేది. కానీ అది అయిదుగురు, ఆపైన పనివాళ్లున్న ట్రాన్స్‌పోర్ట్ సంస్థలకు. ఇంట్లో పెట్టుకున్న డ్రైవర్ గంటలు మాటమీద నడుస్తాయి. కాబట్టి పనిలో చేరేటప్పుడే మాట్లాడుకోండి: రాత్రి పెళ్లి నుంచి రెండింటికి వస్తే మర్నాడు ఎయిర్‌పోర్టుకు ఎవరు వెళ్తారు? కాఫీ కప్పు వచ్చిందని చెప్పి ఆపడానికి సిగ్గుపడకండి, ఓనర్‌కూ ఆ బొమ్మ చూపించండి.

ఇప్పుడు కాస్త చేదు విషయం. గేటుకు వెనక బంపర్ మూల రాసుకుంది, చిన్న గీత. ఓనర్‌కు తెలియకుండా తెలిసిన డెంటింగ్ షాపులో లప్పం పెట్టించి రంగు కొట్టిస్తే ఖర్చు తక్కువ, మాట పడక్కర్లేదు. పాత బండిలో చెల్లింది. ఇప్పుడు ఆ మూల వెనక రాడార్ ఉంది. మందంగా లప్పం పడినా, బ్రాకెట్ కొద్దిగా వంగినా అది పక్క లేన్ బండిని తప్పుగా చూస్తుంది, లేదా అసలు చూడదు. ముందు అద్దం మార్పించినా అంతే, కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి. గీత చిన్నదైనా ఓనర్‌కు చెప్పి, అడాస్ చెక్ చేస్తారా అని షాపువాళ్లను అడిగి చేయించండి. ఎలాగూ చాలామంది ఓనర్ల ఫోన్లో యాప్ ఉంటుంది. బండి ఎక్కడ ఆగిందో, తాళం పడిందో లేదో వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది.

ఆదివారం ఓనరుగారి అబ్బాయి నడిపితే సోమవారం పొద్దున సెట్టింగులు మీరు వదిలినట్టు ఉండవు. ట్రాక్షన్ ఆఫ్, మోడ్ స్పోర్ట్, అలారం మొత్తం బంద్. చాలా బండ్లలో డ్రైవర్ ప్రొఫైల్ అని ఉంటుంది. మీ పేరుతో ఒకటి పెట్టించుకుంటే సీటు, మిర్రర్లు వాటంతటవే సర్దుకుంటాయి. సెట్టింగులు మాత్రం ఒకసారి కంటితో చూసుకోండి.

కొత్తచోట ఉద్యోగానికి వెళ్తే ట్రయల్ తప్పదు. సార్ వెనక కూర్చుంటారు, "పద" అంటారు. స్టార్ట్ చేసిన వెంటనే కదలకండి. "రెండు నిమిషాలు ఇవ్వండి సార్" అని సీటు, మిర్రర్లు సర్దుకుని, అసిస్ట్ మెనూ తెరిచి ఏవి ఆన్‌లో ఉన్నాయో చూసి, ఆటో బ్రేకు ఒకటి ఆఫ్‌లో ఉంది, ఆన్ చేయమంటారా అని అడగండి. మీరు నడిపిన బండ్ల పేర్లు చెప్పడం కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది, జీతం మాట్లాడేటప్పుడు కూడా. ఆ రెండు నిమిషాలకే విసుక్కునే ఓనర్ అయితే, రాత్రి రెండింటికి కాఫీ కప్పు చూపిస్తే ఏమంటారో మీకు అక్కడే తెలిసిపోతుంది.