గులాబీకొమ్మల ఎండుతెగులు

ప్రశ్న: వానలు వెలిసినది మొదలు మా గులాబీపొద ఆకులపై నల్లమచ్చలు పడి, పసుపెక్కి రాలుచున్నవి. కొమ్మలు కొననుండి నల్లబడి ఎండుచున్నవి. ఉపాయ మేమి?
– ఒక గృహిణి, కదమా, జంషెడ్‌పూర్

జవాబు: అమ్మా, ఇవి రెండు వ్యాధులు, రెండును శిలీంధ్రజన్యములే. మచ్చతెగులు తడియారని ఆకులపై వ్యాపించును. ఎండుతెగులు తరచుగా కోతగాయమున చొచ్చి క్రిందికి దిగును. మీయూరి జూబిలీ పార్కు గులాబీతోట వలె పొదకు నిండుగా ఎండయు గాలియు తగులనిండు.

అక్టోబరులో, వానలు పూర్తిగా వెనుదిరిగిన పిమ్మట, ఎండిన భాగమునకు రెండంగుళములు దిగువగా, లోపలి బెండు తెల్లగా కనబడు చోట, బయటివైపు చూచు చిగురుకంటికి పావంగుళము పైన ఏటవాలుగా కోయుడు. కోతకోతకును కత్తెరను స్పిరిటుతో తుడువవలెను; పలువురు ఉపేక్షించునది ఇదియే. గాయముపై వెంటనే బోర్డోముద్ద పూయుడు: నూరేసి గ్రాముల మైలుతుత్తమును, సున్నమును వేర్వేరుగా అరలీటరు నీట కలిపి, పిదప ప్లాస్టిక్ పాత్రలో ఏకము చేయవలెను, ఇనుపపాత్ర పనికిరాదు. రాలినయాకులను ఎరువుగుంటలో వేయక తగులబెట్టుడు. నీరు ఉదయముననే, పొద మొదలున మాత్రమే పోయుడు.

నలుపు అంటుకట్టిన ముడిదాక దిగినచో ఆలసింపక, ఎండుకొమ్మ నొకదానిని కాగితమున చుట్టి దారిసాయి కృషి విజ్ఞాన కేంద్రమువారికి చూపుడు.